కోళ్ళ వాటా

తల వంచుకుని రండి, కొమ్మలు తగులుతాయి.
మా దగ్గర ద్రాక్షకి పందిరి లేదు.
ముత్తాతల నాటి మొల్యె చెట్లకి తీగల్ని అప్పజెప్పి
మీరూ మీరూ చూసుకోండని వదిలేశాం.
కొన్నిచోట్ల చెట్టు చచ్చి ఇరవయ్యేళ్ళు,
తీగే దాన్ని నిలబెడుతోంది.
ఏ చెట్టో నన్నడక్కండి,
నాన్న నికనోర్‌కే తెలుసు, వేలితో తట్టి చూస్తాడు.
కోతకి నిచ్చెన కావాలి,
నిచ్చెనెక్కడానికి తమ్ముడు సిరిలో కావాలి,
వాడు దిగాలంటే భోజనం కావాలి.

ఇది సింతి లోయ.
రెండు వైపులా ఎర్ర కొండలు,
ఏటికీ కొండకీ మధ్య మిగిలిన జానెడు మాది.
సముద్రానికి రెండువేల మూడువందల మీటర్ల పైన
నీళ్ళు తొందరపడి మరుగుతాయి,
మనుషులు తొందరపడి అలిసిపోతారు.
కూర్చోండి, కోకా ఆకుల టీ తాగండి.
సగం గ్లాసుకే మాట తడబడితే సిగ్గుపడకండి,
పోయినేడు ఒక న్యాయమూర్తి గారు
మా గాడిదకి తీర్పు చెప్పి వెళ్ళారు.

ఇక రుచి.
పట్నం నుంచి వచ్చిన సలహాదారు కాగితమిచ్చాడు:
బ్లాక్‌బెర్రీ, పొగాకు, తడిసిన రాయి
అని చెప్పమన్నాడు.
బ్లాక్‌బెర్రీని నేను కళ్ళతో చూడలేదు.
తడిసిన రాయి సంగతి తెలుసు,
ఏరు పొంగిన ఏడు మా వంటింట్లోకే వచ్చింది.

మొదటి చుక్క నేలకి.
అది మీ టిక్కెట్టులో లేదు, మా బాకీ.

ఆ రాతి తొట్టి దగ్గర చెప్పులు విప్పండి.
మీరొచ్చిందే ఇందుకని తెలుసు.
మూల పీట మీద కూర్చున్నది నానమ్మ ఎదువీహెస్,
తొక్కకముందు ఒకసారి, తొక్కాక ఒకసారి
మీ కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంది.
మొదట్లో నవ్వేది.
"మేం కూలికి తొక్కాం,
వీళ్ళు డబ్బిచ్చి తొక్కుతున్నారు"
అని క్వెచువాలో అనేది.
నేను దాన్ని
"మీకు స్వాగతం" అని అనువదించేదాన్ని.

తొక్కిన రసం ఏమవుతుందని
ఇన్నేళ్ళలో ఒక్కడే అడిగాడు.
పొటోసి గనుల్లో పనిచేసిన మనిషి,
రెండు వేళ్ళు లేని పాదం తొట్టిలో పెట్టడానికి
మొహమాటపడుతూ.
కోళ్ళకి పోస్తాం అన్నాను.
అప్పటికి నాకు తెలిసిందంతే.

ఆ మరుసటేడు, కోత ఇంకా పదకొండు రోజులుందనగా,
వడగళ్ళు.
పావుగంట.
ఆకు లేదు, కాయ లేదు,
మొల్యె చెట్ల బెరడు సైతం లేచిపోయింది.
నాన్న తోటలోకి వెళ్ళి
టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వచ్చాడు.
సలహాదారు ఫోనెత్తలేదు.

పాత సరుకంతా అప్పుల కింద పోయింది.
ఆగస్టు వచ్చింది, నేలకి తాగించాల్సిన నెల,
ఇంట్లో చుక్క లేదు.
నానమ్మ లేచి, పలక్కుండా,
గడ్డివామి కింద నుంచి మట్టి జాడీ లాగింది.
ఒకటి కాదు. ఆరు.
ఆరేళ్ళ కోళ్ళ వాటా.
మేం నోరు తెరిచేలోపే
"కాళ్ళు కడిగింది నేనే కదా" అంది.

రెండు జాడీలు వినిగరైపోయాయి.
మిగతావి తాగాం.
నునుపు లేదు.
ఒకటి బస్సు దొరకదేమోనని తొందరపడే మనిషిలా ఉంది,
ఒకటి దారి తప్పి ఒప్పుకోనివాడిలా.
ఆఖరిది నోట్లో పోసుకుని నానమ్మ ఆగింది.
"ఇందులో ఎవరో చాలా దూరం నడిచారు."
నాకెవరో తెలుసు.
చెప్పలేదు.
నేలకి ఆ జాడీలోంచే వంచింది.

అది అమ్మం, ధర అడక్కండి.
రండి, తొట్టి నిండుగా ఉంది,
ఏ కాలు ముందు పెట్టినా ఫరవాలేదు.
నీళ్ళు చల్లగా తగులుతాయి, ఓర్చుకోండి.
నానమ్మ ఇప్పుడు నవ్వడం లేదు.
మడమ చేతిలోకి తీసుకుని
కాస్త ఎక్కువసేపే చూస్తుంది,
కాలు వెనక్కి లాక్కోకండి.